మెత్తటి మొలాసిస్ కుకీలు: ట్రే ఎప్పుడు బయటకి తియ్యాలి అన్నదే అసలు సంగతి

మొలాసిస్ కుకీ అనగానే చాలామందికి టక్కున విరిగే గట్టి జింజర్ బిస్కెట్ గుర్తొస్తుంది, నేను చెప్పేది అది కాదు. ఇది వేరే. అంచు కాస్త గట్టిగా ఉంటుంది, మధ్యలో నొక్కితే వేలు దిగుతుంది, పైన పంచదార పలుకులు మెరుస్తూ మధ్యమధ్యలో నల్లగా బీటలు తీసి ఉంటుంది, కొరికితే ముందు తీపి, తర్వాత శొంఠి ఘాటు, మింగాక గొంతులో లవంగం. క్రిస్మస్ సెలవులకి ఇవి చేసి డబ్బాల్లో పెట్టి తెలిసినవాళ్ళకి పంచుదామని అనుకున్నా, అందుకే పండగకి చాలా ముందే మొదలుపెట్టి ఒక్కో విషయం మార్చి మార్చి చూస్తూ వచ్చా. విచిత్రం ఏంటంటే గట్టి బిస్కెట్‌కీ ఈ మెత్తటి కుకీకీ సరుకుల్లో పెద్ద తేడా లేదు, అదే మైదా, అదే బటర్, అవే మసాలాలు. మొలాసిస్ ఎంత పడింది, పంచదారలో ఏ రకం ఎంత, అన్నిటికన్నా ముఖ్యంగా ట్రే ఏ నిమిషంలో ఓవెన్ లోంచి బయటకి వచ్చింది, తేడా అంతా అక్కడే.

ముందు మొలాసిస్ సంగతి, ఎందుకంటే సీసా కొనేటప్పుడే సగం రుచి ఖాయమైపోతుంది. చెరకు రసం మరిగించి పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం ఇది. మొదటిసారి మరిగించి పంచదార తీశాక మిగిలేది లైట్ రకం, రంగు తక్కువ, తీపి ఎక్కువ. దాన్ని రెండోసారి మరిగిస్తే వచ్చేది డార్క్. మూడోసారి కూడా ఉన్నదంతా లాగేశాక మిగిలేది బ్లాక్‌స్ట్రాప్, అందులో ఇనుము, క్యాల్షియం లాంటివి ఎక్కువ ఉంటాయి కాబట్టి ఆరోగ్యానికి మంచిదని చాలామంది అదే కొంటారు, కానీ కుకీలకి అది వద్దండీ, చేదు. లైట్, డార్క్ రెండూ వాడి చూశా, నాకు డార్క్ నచ్చింది, మసాలాల ఘాటుకి తట్టుకుని నిలబడే రుచి దానికే ఉంది, లైట్‌తో చేస్తే తీపి తప్ప వెనకాల ఏమీ మిగల్లేదు అనిపించింది. సీసా మీద సల్ఫర్ కలపనిది అని రాసుందో లేదో కూడా చూస్కోండి, లేత చెరకు రసం పాడవకుండా సల్ఫర్ డైఆక్సైడ్ కలిపి చేసే రకం ఒకటుంది, దాని వాసన కుకీలో తెలిసిపోతుంది.

చలికాలంలో ఆ సీసా వంచితే ఒక పట్టాన కిందకి రాదు. మూత తీసి కప్పు మీద బోర్లించి పట్టుకుని నిలబడ్డా, ముందు లావుగా ఒక నాలుకలా బయటకి వచ్చి అక్కడే ఆగి, ఆ తర్వాత ఎప్పటికో సన్నటి తీగలా సాగి మడతలు మడతలుగా కప్పులో పడింది, పడ్డాక కూడా ఆ మడతలు ఒక్క క్షణం అలాగే కనిపించి తర్వాత సర్దుకున్నాయి. ఇంత నింపాదిగా కదిలే ఈ పాకమే 1919 జనవరి 15న అమెరికాలో బోస్టన్ నార్త్ ఎండ్‌లో దాదాపు 50 అడుగుల ఎత్తున్న ట్యాంకు బద్దలై వరదలా వీధుల మీద పడి 21 మందిని పొట్టనపెట్టుకుంది అంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం, 23 లక్షల గ్యాలన్ల బరువు వెనకనుంచి తోస్తుంటే ఎంత చిక్కగా ఉన్నా ఆగదు కదా. సరే మన సీసాకి వస్తే, దాన్ని కాసేపు గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో నిలబెడితే చక్కగా జారుతుంది. కప్పుకి ముందు చుక్క నూనె రాస్తే అడుక్కి అంటుకోకుండా మొత్తం దిగిపోతుంది. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే కప్పు పక్కన పడేసి గిన్నెని త్రాసు మీద పెట్టి నేరుగా పొయ్యడం. పావు కప్పు నీళ్ళు 60 గ్రాములు తూగితే అదే పావు కప్పు మొలాసిస్ 85 దాకా తూగుతుంది, ఇంత బరువైన సరుకుని కప్పుతో కొలిస్తే గోడలకి అంటుకున్నదే ఒక చెంచాడు ఉంటుంది.

నేను చివరికి ఖాయం చేసుకున్న కొలత ఇది: ఉప్పు లేని బటర్ 170 గ్రాములు, మామూలు పంచదార 100, డార్క్ బ్రౌన్ షుగర్ 100, మొలాసిస్ 85, గుడ్డు ఒకటి, మైదా 290, బేకింగ్ సోడా ఒకటిన్నర టీస్పూన్, ఉప్పు అర టీస్పూన్. మసాలాలు కింద చెప్తా. 30 గ్రాముల చొప్పున ఉండలు చేస్తే పాతిక పైచిలుకు కుకీలు వస్తాయి.

మెత్తదనం ఎక్కడినుంచి వస్తుంది అన్నది అర్థమయ్యాక ఈ కొలతలో దేన్ని కదపొచ్చో దేన్ని కదపకూడదో తెలిసింది. మొలాసిస్‌లో మామూలు పంచదారతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ విడివిడిగా ఉంటాయి, వీటికి తేమని పట్టి ఉంచే గుణం ఎక్కువ, ముఖ్యంగా ఫ్రక్టోజ్‌కి. అందుకే కుకీ చల్లారాక కూడా ఎండిపోదు. బ్రౌన్ షుగర్ కూడా వేరే ఏమీ కాదు, తెల్ల పంచదారకి కొంచెం మొలాసిస్ పట్టించినదే, లైట్ రకంలో మూడున్నర శాతం దాకా, డార్క్‌లో ఆరున్నర శాతం దాకా ఉంటుంది. అలా అని పంచదార మొత్తం బ్రౌన్ షుగరే వేస్తే ఇంకా మెత్తగా వస్తాయి కదా అని అది కూడా చేసి చూశా, మెత్తగా వచ్చాయి కానీ కేక్ ముక్కలా ఉబ్బి అంచు అన్నదే లేకుండా పోయింది, తెల్ల పంచదార సగం ఉంటేనే పక్కలకి పరుచుకుని ఆ పలచటి అంచు వస్తుంది. మొత్తం తెల్ల పంచదార అయితే మళ్ళీ ఎక్కువ పరుచుకుని కరకరలాడే వైపు వెళ్తుంది. సగం సగం అన్నది అందుకే.

బేకింగ్ సోడా ఎందుకు, బేకింగ్ పౌడర్ ఎందుకు కాదు అని మా చెల్లి అడిగింది, మంచి ప్రశ్నే. సోడా పనిచెయ్యాలంటే పులుపు ఏదో ఒకటి కావాలి, మొలాసిస్‌కి కొంచెం ఆమ్లగుణం ఉంది, రెండూ కలిస్తే కార్బన్ డైఆక్సైడ్ వచ్చి పిండి పొంగుతుంది. పౌడర్‌లో ఆమ్లం ముందే కలిపి ఉంటుంది కాబట్టి ఇక్కడ అది ఉత్త దండగ. పైగా సోడా కాస్త మిగులు ఉంటే పిండి క్షారం వైపు మొగ్గి రంగు బాగా తిరుగుతుంది, పైన బీటలు కూడా బాగా విచ్చుకుంటాయి. అయితే చెయ్యి ఎక్కువైతే మాత్రం నాలుక చివర సబ్బు తగిలినట్టుంటుంది, టీస్పూన్‌ని గోపురంలా నింపకుండా చాకుతో గీసి సమం చేసి వెయ్యాలి.

ఇప్పుడు మసాలాలు, నాకు ఈ మొత్తం పనిలో ఇష్టమైన భాగం. శొంఠి పొడి రెండు టీస్పూన్లు, దాల్చినచెక్క పొడి ఒకటిన్నర, లవంగం పొడి అర టీస్పూన్ కన్నా కాస్త తక్కువే, జాజికాయ పావు, మిరియాల పొడి పావు. మిరియాలు ఎందుకూ అని మొహం చిట్లించకండి, మిరియం తగిలిందని ఎవరికీ తెలీదు, శొంఠి ఘాటు మాత్రం ఇంకొంచెం సేపు నిలుస్తుంది. పచ్చి అల్లం తురిమి వేస్తే ఫ్రెష్‌గా ఉంటుంది కదా అని కొందరంటారు, వెయ్యొచ్చు, కానీ అది వేరే రుచి. అల్లం ఎండేటప్పుడు అందులోని జింజరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, అది జింజరాల్ కన్నా ఘాటు, గొంతులో వెచ్చగా తగిలేది అదే. కుకీకి కావాల్సింది ఆ వెచ్చదనం. లవంగం దగ్గర మాత్రం చెయ్యి బిగించాలి, లవంగంలో యూజినాల్ ఉంటుంది, పంటి నొప్పికి లవంగం నూనె రాసేది దాని కోసమే, నాలుకని మొద్దుబార్చేస్తుంది, కొంచెం ఎక్కువైనా కుకీ తింటున్నట్టు ఉండదు, పళ్ళ డాక్టర్ కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది.

డబ్బాలో ఎప్పటినుంచో ఉన్న పొడులు వాడితే రంగు వస్తుంది, వాసన రాదు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే వెంటనే గుప్పుమనాలి, వెతుక్కోవాల్సి వస్తే ఆ పొడి అయిపోయినట్టే. నేను లవంగాలు, మిరియాలు అప్పటికప్పుడు దంచి, జాజికాయ తురిమి, అన్నీ కలిపి సన్నటి జల్లెడ పట్టా, జల్లెడలో మిగిలిన లవంగం మొగ్గల తునకలు తీసి పారేశా, ఎందుకంటే అది పంటికింద పడితే ఆ ఒక్క కుకీ తిన్నవాళ్ళకి మిగతావి కూడా వద్దనిపిస్తుంది. ఇంకో పని చేశా, చాలామంది మసాలాలు మైదాలో కలుపుతారు, నేను బటర్‌లో కలిపా. ఈ వాసనలు ఎక్కువగా కొవ్వులో కరిగే రకం, బటర్‌తో పాటు ముందే గిలక్కొడితే పిండి అంతా పడతాయి. రెండు రకాలూ పక్కపక్కన పెట్టి తింటే తేడా తెలిసింది, పెద్ద తేడా అనను, కానీ ఖర్చు లేని తేడా.

బటర్ మెత్తబడాలి, కరగకూడదు. వేలితో నొక్కితే గుంట పడాలి కానీ వేలు జారిపోకూడదు, మెరుస్తూ నూనెలా కనిపిస్తే ఎక్కువ మెత్తబడినట్టు, మళ్ళీ కాసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే బాగా పనిచేస్తుంది. రెండు రకాల పంచదార, మసాలాలు వేసి బీటర్‌తో మీడియం స్పీడ్‌లో కొట్టడం మొదలుపెడితే ముందు తడి ఇసుకలా ఉంటుంది, గిన్నె గోడలకి ఎగిరి అతుక్కుంటుంది, మధ్యలో ఆపి స్పాచులాతో కిందకి గీకి మళ్ళీ కొట్టాలి, రెండు మూడు నిమిషాలకి రంగు ఒక మెట్టు తేలిక పడి మెత్తటి క్రీమ్‌లా అవుతుంది. అక్కడ ఆపెయ్యాలి. కేక్‌కి కొట్టినట్టు తెల్లగా నురగలా అయ్యేదాకా కొడితే గాలి ఎక్కువ పట్టి కుకీ ఓవెన్‌లో బాగా పొంగి బయటకి రాగానే కుంగిపోతుంది. పలుకు ఇంకా చేతికి తగులుతుంటే కంగారు పడక్కర్లేదు, అది తర్వాత కరుగుతుంది.

గుడ్డు కూడా బయటి వేడిలోనే ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు వేస్తే బటర్ గడ్డకట్టేస్తుంది. గుడ్డు కలిసాక మొలాసిస్. ఇక్కడ ఒక సంగతి ముందే చెప్తున్నా, మొలాసిస్ పడగానే గిన్నెలో ఉన్నది విరిగిన పాలలా గింజలు గింజలుగా కనిపించొచ్చు. మా ఆయన పక్కన నిలబడి చూసి "అయిపోయింది, పాడైంది, పారబొయ్యి" అన్నారు. ఏం కాదు. బటర్‌లో పట్టగలిగిన దానికన్నా నీటి భాగం ఎక్కువైంది అంతే, మైదా పడగానే మొత్తం కలిసిపోతుంది. అయినా మగవాళ్ళు వంటింట్లో నిలబడి తీర్పులు చెప్పడం గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం.

మైదా మాత్రం తూకం వేసుకోండి. ఇది నేను ఎంత మందికి చెప్పినా కప్పుతోనే కొలుస్తారు. చెంచాతో మెల్లగా నింపిన కప్పు 120 - 125 గ్రాములు ఉంటుంది, అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోతుంది, రెండు కప్పులకి పైన పడే ఈ పిండిలో ఆ తేడా 50 గ్రాములు దాటుతుంది, ఆ 50 గ్రాములతోనే మెత్తటి కుకీ కాస్తా పొడిపొడిగా రాలిపోయే బిస్కెట్ అవుతుంది. మైదాలో సోడా, ఉప్పు విస్క్‌తో బాగా కలిపి, సోడా ఉండలు లేకుండా చూసి, రెండు విడతలుగా వేసి తక్కువ స్పీడ్‌లో కలిపా, తెల్లటి పిండి కనిపించడం ఆగగానే ఆపేశా. ఎక్కువ కలిపితే గ్లూటెన్, అంటే మైదాలోని జిగురు ప్రోటీన్, పట్టుకుని సాగుడు వస్తుంది, అది రొట్టెకి మంచిది, దీనికి కాదు.

ఇప్పుడు గిన్నెలో ఉన్నది చేత్తో పట్టుకుంటే వేళ్ళకి అంటుకునే బంక. ఇంకాస్త మైదా వెయ్యాలనిపిస్తుంది, వెయ్యకండి, ఫ్రిజ్‌లో పెట్టండి. మూత పెట్టి రెండు గంటలు కనీసం. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది, ఎందుకంటే బటర్ గట్టిపడటం ఒక్కటే కాదు, మైదా నెమ్మదిగా తేమ పీల్చుకుంటుంది, మసాలాలు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. అదే పిండిలో కొంత వెంటనే బేక్ చేసి, కొంత మర్నాడు బేక్ చేసి చూశా. వెంటనే చేసినవి పలచగా పరుచుకుని ఒకదానికొకటి అంటుకున్నాయి, వాసన కూడా విడివిడిగా ఇది శొంఠి ఇది దాల్చినచెక్క అని చెప్పగలిగేట్టు ఉంది. మర్నాటివి మందంగా నిలబడ్డాయి, రుచి ఒకటిగా తగిలింది. తొందర ఉంటే రెండు గంటలు చాలు, తొందర లేకపోతే ఆగండి.

ఉండలు చెయ్యడం పిల్లలకి అప్పచెప్పొచ్చు, మా పాప ఆ పని తనదే అని ముందే చెప్పేసింది. 30 గ్రాములు అంటే పెద్ద నిమ్మకాయలో ముప్పాతిక ఉంటుంది అనుకోండి, మొదట నాలుగైదు తూచి చూసుకుంటే తర్వాత చెయ్యే చెప్తుంది. అన్నీ ఒకే సైజులో ఉండాలి, లేకపోతే ఒకే ట్రేలో చిన్నవి గట్టిపడి పెద్దవి పచ్చిగా ఉంటాయి. ఒక చిన్న గిన్నెలో పంచదార పోసి ఉండని అందులో దొర్లించాలి, పొడి చేసిన పంచదార కాదు, పలుకు ఉన్నదే. ఇది అందం కోసం అనుకునేదాన్ని, దీనికి పని కూడా ఉంది. పంచదార ఉండ పైభాగంలోని తేమని లాగేస్తుంది, దాంతో పైపొర తొందరగా ఆరిపోతుంది, లోపలి పిండి పొంగుతూ పక్కలకి పరుచుకునేటప్పుడు ఆ ఆరిన పొర సాగలేక పగులుతుంది. ఆ బీటలు అలా వస్తాయి. పలుకు కాస్త పెద్దగా ఉన్న పంచదార దొరికితే మెరుపు కూడా నిలుస్తుంది. ఉండల్ని అరచేత్తో అణచకండి, వాటంతటవే పరుచుకుంటాయి, మధ్యలో రెండంగుళాలు ఖాళీ వదిలితే చాలు.

ఓవెన్ 175 డిగ్రీలు. అయితే బటన్ మీద 175 ఉన్నంత మాత్రాన లోపల 175 ఉండదు, మా ఓవెన్‌లో ఒక చిన్న థర్మామీటర్ వేలాడదీసి చూస్తే 15 డిగ్రీలు తక్కువ చూపించింది, ఇన్నాళ్ళూ అన్నీ ఎందుకు ఆలస్యంగా ఉడుకుతున్నాయో అప్పుడు తెలిసింది. ఆ థర్మామీటర్ ఖరీదైన వస్తువేం కాదు, బేకింగ్ అలవాటున్న ఎవరికైనా అది ఉండాలి. ట్రే కూడా నల్లటిది అయితే అడుగు తొందరగా మాడుతుంది, లేత రంగు అల్యూమినియం ట్రే మీద పార్చ్‌మెంట్ పేపర్ వేసి మధ్య అరలో ఒక్క ట్రే చొప్పునే పెట్టా. రెండు ట్రేలు ఒకేసారి పెడితే పనైతే తొందరగా అవుతుంది కానీ పైదానికి ఒక లెక్క కిందదానికి ఒక లెక్క, మధ్యలో మార్చడానికి తలుపు తీస్తే వేడి పోతుంది. ఒక్కటే మేలు.

ఇక అసలు నిమిషం. మామూలు కుకీలకి అంచు బంగారు రంగు తిరగ్గానే తీసెయ్యాలి అంటారు, ఇక్కడ పిండే నల్లగా ఉంటుంది, రంగు చూసి ఏమీ తెలీదు. అందుకని ఒకే పిండి, ఒకే సైజు ఉండలు, కొన్ని 8 నిమిషాలకి, కొన్ని 10కి, కొన్ని 12కి తీసి, పళ్ళెంలో పక్కపక్కన పెట్టి, పూర్తిగా చల్లారనిచ్చి విరిచి చూశా. 8 నిమిషాలవి మధ్యలో పచ్చిపిండే, చల్లారాక కూడా ముద్దగా ఉంది. 12 నిమిషాలవి ఓవెన్ దగ్గర చూసినప్పుడు అన్నిటికన్నా చక్కగా ఉన్నాయి, బాగా పొంగి, బీటల లోపల కూడా ఆరిపోయి, ఇవే సరైనవి అని ఎవరైనా చెప్తారు, కానీ చల్లారాక టప్‌మని విరిగాయి, అచ్చం కొట్లో బిస్కెట్. 10 నిమిషాలవి బయటకి తీసినప్పుడు చూడ్డానికి ఉడకనట్టే ఉన్నాయి. మధ్యలో ఉబ్బెత్తుగా, పట్టుకుంటే ఊగేలా, బీటల లోపల తడి మెరుస్తూ. పాప కూడా "అమ్మా ఇవి ఇంకా పచ్చిగానే ఉన్నాయి, మళ్ళీ పెట్టు" అంది. మళ్ళీ పెట్టకూడదు. ట్రే వేడిగానే ఉంటుంది, కుకీ లోపల వేడి ఉంటుంది, బయటకి వచ్చాక కూడా ఒక ఐదు నిమిషాలు ఉడుకుతూనే ఉంటుంది. చూస్తూ ఉంటే ఆ ఉబ్బు మెల్లగా దిగి, ముడతలు పడి, బీటలు ఇంకాస్త విచ్చుకుని, తడి మెరుపు పోయి మామూలు కుకీ అయింది. విరిస్తే మధ్యలో జిగురుగా సాగి విడింది, పొడి రాలలేదు.

కాబట్టి నేను చూసే గుర్తులు ఇవి: అంచు వేలితో తాకితే ఆనాలి, మధ్యలో తాకితే గుంట పడాలి, బీటల్లో తడి కనిపించాలి. బీటలు ఆరిపోయేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. మీ ఓవెన్‌లో 9 నిమిషాలు కావచ్చు, 11 కావచ్చు, మొదటి ట్రేలో మూడే ఉండలు పెట్టి చూస్కుంటే మిగతావాటికి ధైర్యం వస్తుంది. ట్రే బయటకి తీశాక ఐదు నిమిషాలు కదపకండి, అప్పుడే ఎత్తితే మధ్యలోంచి విరిగి చేతికొస్తాయి, ఆ తర్వాత జాలీ స్టాండ్ మీదకి మార్చెయ్యాలి, ట్రే మీదే వదిలేస్తే అడుగున ఉడుకు ఆగదు. గుండ్రంగా రాలేదని బాధపడేవాళ్ళకి ఒక చిట్కా, వేడిగా ఉన్నప్పుడే కుకీ కన్నా పెద్ద గ్లాసు దాని మీద బోర్లించి ట్రే మీద గుండ్రంగా తిప్పితే అంచులు సర్దుకుంటాయి.

వేడిగా ఉన్నప్పుడు తింటే బాగుంటాయి కానీ అది పూర్తి రుచి కాదు, అప్పుడు లవంగం ఒక్కటే ముందుకొస్తుంది. మర్నాడు తినండి. అంచులో ఉన్న కాస్త గట్టిదనం కూడా లోపలి తేమ పాకి మెత్తబడుతుంది, మొలాసిస్ ముందుకొస్తుంది, మసాలా వెనక్కి సర్దుకుంటుంది. పండగకి పంచడానికి ఇంతకన్నా అనువైనది ఉండదు, చాలా తిండి వస్తువులు చేసిన రోజే బాగుంటాయి, ఇవి ముందు చేసి పెట్టుకుంటేనే బాగుంటాయి, పండగ రోజు వంటింట్లో నిలబడక్కర్లేదు.

డబ్బాలో పెట్టే ముందు పూర్తిగా చల్లారాలి, గోరువెచ్చగా ఉన్నా ఆవిరి పట్టి పైన పంచదార కరిగి జిగటగా అయిపోతుంది. గాలి చొరబడని డబ్బాలో వరసకీ వరసకీ మధ్య పార్చ్‌మెంట్ పేపర్ వేసి సర్దా, వారం దాకా మెత్తగానే ఉంటాయి. గట్టిపడుతున్నాయి అనిపిస్తే ఒక బ్రెడ్ ముక్క ఆ డబ్బాలో వేసి మూత పెట్టండి, బ్రెడ్‌లో తేమ కుకీలు లాక్కుంటాయి, మర్నాటికి బ్రెడ్ ముక్క అప్పడంలా అయిపోతుంది, కుకీలు మళ్ళీ మెత్తబడతాయి. వేరే రకం కరకరలాడే బిస్కెట్లతో కలిపి ఒకే డబ్బాలో మాత్రం పెట్టకండి, ఇదే కారణం వల్ల అవి కూడా మెత్తబడి రెండూ చెడతాయి, వాసన సంగతి సరేసరి, పక్కన ఏదున్నా లవంగం వాసనే వస్తుంది.

గుడ్డు తినని వాళ్ళ కోసం ఒక విడత గుడ్డు బదులు యాపిల్ సాస్, అంటే ఉడికించిన యాపిల్ గుజ్జు, 60 గ్రాములు వేసి చేశా, అది కొంచెం కేక్‌లా ఉంటుంది, అంచు అంత గట్టిగా రాదు, కానీ మెత్తదనానికి లోటు లేదు. ఇద్దరికి విడిగా ఇచ్చా, ఇద్దరూ తేడా అడగలేదు. పైన ఐసింగ్ వేస్తారు కొందరు, వైట్ చాక్లెట్‌లో ముంచుతారు, నాకైతే అనవసరం అనిపిస్తుంది, అసలే తీపి, పైగా ఆ బీటలు కప్పబడిపోతే ఇంత కష్టపడి ఏం లాభం.

ఒకేసారి అన్నీ బేక్ చెయ్యనక్కర్లేదు కూడా. పంచదారలో దొర్లించకుండా ఉండలు చేసి ట్రే మీద విడివిడిగా పెట్టి ఫ్రీజర్‌లో గట్టిపడ్డాక ఒక కవర్‌లో వేసి పెట్టుకుంటే రెండు మూడు నెలలు బాగుంటాయి. ఎవరైనా వస్తున్నారంటే కావాల్సినన్ని తీసి ఒక పావుగంట బయట ఉంచండి, గడ్డకట్టి ఉన్నప్పుడు పంచదార అంటుకోదు, పైన కాస్త చెమర్చాక దొర్లించండి, ఓవెన్‌లో ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కవర్ మీద తేదీ, డిగ్రీలు, నిమిషాలు రాసి అతికించండి, లేకపోతే ఇంట్లో వేరేవాళ్ళు పెట్టినప్పుడు పచ్చిగా ఉన్నాయని ఇంకో ఐదు నిమిషాలు ఉంచేస్తారు.